మంత్రిగారు లోయను చూసిన విధము

"గౌరవనీయ పర్యాటక మంత్రి యెర్కెబులాన్ సర్మానోవ్‌గారు ఈ నెల పద్నాలుగున సారిజార్ లోయను స్వయంగా, తమ రెండు కళ్లతో తిలకిస్తారు" అని రోడ్డు పొడవునా తొమ్మిది బోర్డులు వెలిశాయి. రెండు కళ్లతో అని ప్రత్యేకించి రాయించింది మా జిల్లా అధికారి దోస్జాన్ కుల్బాయెవ్‌గారు. వివరం లేని వాగ్దానం ఆయనకు గిట్టదు.

నేను లోయ గేటు దగ్గర టికెట్లు చింపేవాణ్ణి. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఇన్నేళ్లలో ఒక్క మంత్రి కూడా లోయ చూడ్డానికి రాలేదు కాబట్టి ఈ వార్త వినగానే గేటుకు నేనే రంగు వేశాను.

రాజధానిలో రక్షిత ప్రాంతాల జాబితా మరీ పొడుగైపోయిందట. అందుకని మంత్రిగారు ఒక్కోచోటికీ స్వయంగా వెళ్లి, చూసి, "చూశాను, ఉంచవచ్చు" అని పుస్తకంలో సంతకం పెడితే అది ఉంటుంది. పెట్టకపోతే పోతుంది. పోయినదాన్ని ఏం చేస్తారో ఎవరూ చెప్పలేదు. కానీ జిల్లా అధికారిగారి బావమరిది అప్పటికే రెండు కంకర మిషన్లు తెప్పించి, మా గేటు బయట టార్పాలిన్ కప్పి నిలబెట్టాడు.

"ఇవేమిటి బాబూ?" అని అడిగాను.

"మంత్రిగారికి స్వాగతం, జుమాశ్ మామా" అన్నాడు.

మిషన్లకు పూలదండలు కూడా వేశాడు కనుక నమ్మాను.

లోయ కాపలా అధికారిణి ఉల్జాన్. ఆమెకు ముందు ఆమె తండ్రిదే ఆ ఉద్యోగం. లోయ అడుగున బోజ్‌సు నది ఒడ్డున మంచుయుగం నాటి చెట్ల తోపు ఒకటుంది. అందులో ఏ చెట్టుకు ఏ కొమ్మ ఎప్పుడు విరిగిందో ఆమెకు తెలుసు. పదమూడో తేదీన గేటు దగ్గరికొచ్చి నా పక్కన కూర్చుంది.

"మామా, పది నిమిషాలు చాలు. ఆయన్ని అంచున నిలబెట్టానంటే ఇంక నేను నోరెత్తను. మిగతాది లోయే చూసుకుంటుంది."

"గేటు నుంచి అంచుకు రెండు కిలోమీటర్లేగా తల్లీ. నడిచినా అరగంట" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు ప్రోగ్రాం ఇంకా తెలియదు.

ప్రోగ్రాం ఇలా తయారైంది. మా దేశంలో ఎవరైనా ఒక గుమ్మం ముందు నుంచి పోతూ రొట్టె ముక్కైనా కొరక్కుండా వెళ్తే ఆ ఇంటికి తలవంపులు. మామూలు మనిషి వెళ్తేనే అంతైతే, మంత్రి వెళ్తే ఊరు ఊరంతా తలెత్తుకోలేదు. కనుక లోయ చుట్టుపక్కలున్న ఆరు ఊళ్ల వాళ్లూ గేటు నుంచి అంచు దాకా దారి పొడవునా ఆరు ఉన్ని గుడారాలు వేశారు. ఒక్కో గుడారం ఒక్కో దర్శనీయ స్థలం పక్కన. రాతి స్తంభాల దగ్గర ఒకటి, పవిత్రమైన ఊట దగ్గర ఒకటి, పాత చెట్ల తోపుకు దిగే బాట దగ్గర ఒకటి, అలాగే మిగతావీ. మంత్రిగారు రోడ్డు మీదుగా వస్తారు గనుక గుమ్మాలన్నీ రోడ్డుకే పెట్టారు. దర్శనీయ స్థలాలు వెనకపడ్డాయి.

ఉల్జాన్ జిల్లా అధికారిగారి దగ్గరికి పరుగెత్తింది. మా దగ్గర పెద్దవాళ్ల పేరును సగానికి నరికి చివర "కె" తగిలిస్తే గౌరవం. ఎంత పెద్దమనిషైతే అంత పొట్టి పేరు.

"దోసెకె, ముందు లోయ చూపించి తర్వాత తినిపించకూడదా?"

"ఖాళీ కడుపుతో లోయ చూపిస్తావా అమ్మా? కళ్లు తిరిగి పడ్డాడంటే నువ్వా జవాబు చెప్పేది?"

ఇంత ముందుచూపున్న అధికారి మా జిల్లాకు దొరకడం మా పూర్వజన్మ సుకృతం.

పద్నాలుగున ఉదయం పదింటికి మంత్రిగారు దిగారు. భారీ మనిషి, మంచి మనిషి. దిగగానే "లోయ ఎటు?" అని అడిగారు. ఉల్జాన్ ముఖం వెలిగిపోయింది.

"అటే యెరెకె" అన్నారు జిల్లా అధికారిగారు మొదటి గుడారం చూపిస్తూ. "ఓ గుక్కెడు టీ తాగి వెళ్దాం. లోయ ఎక్కడికీ పోదు."

గుక్కెడు అన్నమాట నిజమే. మేం అతిథికి చిన్న పింగాణీ గిన్నెలో అడుగున కాస్తే పోస్తాం. అది తాగితే మళ్లీ కాస్త. మీరు ఇంకా ఉండాలి, మీ మాటలు మాకు ఇంకా కావాలి అని దానర్థం. గిన్నె నిండా పోశారంటే మాత్రం ఇక దయచెయ్యండి అని. నిండు గిన్నె రాకముందే అతిథి లేచినా తప్పే, మర్యాద తెలియనివాడంటారు. మొదటి గుడారంలో మంత్రిగారు పంతొమ్మిది గుక్కలు తాగారు. ఆ తర్వాత ఉడికించిన గొర్రె తల ఆయన ముందు పెట్టారు, అది పెద్ద అతిథికే దక్కే గౌరవం. ఆపైన భుజాల మీద జరీ అంగీ కప్పారు.

రెండో గుడారం పవిత్రమైన ఊట దగ్గర. మంత్రిగారికి కొత్త నీళ్లు పడవేమోనని నగరం నుంచి సీసాల్లో నీళ్లు తెప్పించారు. మళ్లీ ఒక గొర్రె తల, మళ్లీ ఒక అంగీ. మూడో గుడారంలో మాంసం తిని మంత్రిగారు కళ్లు మూసుకున్నారు.

"ఏమిటీ కమ్మదనం?"

"కట్టెల మహిమ యెరెకె. మంచుయుగం నాటివి" అన్నాడు ఆ ఊరి పెద్ద.

ఉల్జాన్ గిరుక్కున వెనక్కి తిరిగింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. ఎన్ని చెట్లు కొట్టారో తర్వాత లెక్క పెట్టుకుందాంలే అన్నాను. అంతకన్నా పనికిమాలిన మాట నా జన్మలో అనలేదు.

ఆరో గుడారంలోంచి బయటికి వచ్చేసరికి సాయంత్రం ఐదైంది. మంత్రిగారి ఒంటి మీద ఆరు అంగీలున్నాయి. చేతులు కిందికి దిగడం లేదు. నెత్తిన ఆరో ఊరివాళ్లు పెట్టిన తెల్లటి ఉన్ని టోపీ. అయినా పాపం, "లోయ?" అని అడిగారు. ఆయన పట్టుదల చూసి నాకు కళ్లు చెమర్చాయి.

"ఇదిగో యెరెకె, ఇక్కడి నుంచి రెండు వందల అడుగులే!" అంది ఉల్జాన్. ఇద్దరం చెరోవైపూ పట్టుకుని నడిపించాం. నూట అరవై అడుగులు సాఫీగా సాగాయి. అక్కడ ఏడో గుడారం అడ్డొచ్చింది.

అది ప్రోగ్రాంలో లేదు. ఉల్జాన్ తల్లి కాలిపా అవ్వ నలభై ఏళ్లుగా ప్రతి వేసవీ అక్కడే ఉంటుంది. డెబ్భై ఎనిమిదేళ్లు. గుమ్మంలో రొట్టెల పళ్లెం పట్టుకుని నిలబడింది.

"అమ్మా, నీకు దణ్ణం పెడతా, ఇప్పుడొద్దే" అంది ఉల్జాన్ గొంతు తగ్గించి.

"ఆరు గుమ్మాల్లో తిని నా గుమ్మం దాటిపోతాడా? మీ నాన్నుంటే ఊరుకునేవాడా?"

"ఈ ఒక్కసారికీ అమ్మా!"

"ఆ ఒక్కసారే జనం ఏడు తరాలు చెప్పుకుంటారే."

మంత్రిగారిని వంచి లోపలికి పంపాల్సి వచ్చింది. గుడారం వెనక గోడకు అవతల నలభై అడుగుల్లో లోయ. నది హోరు వినిపిస్తోంది.

"ఏమిటా చప్పుడు?" అన్నారు మంత్రిగారు.

"నది, యెరెకె."

"బాగుంది. రికార్డింగ్ ఎక్కడ చేయించారు?"

టీ పోయడం ఇంటి ఆడపిల్ల పని. ఉల్జాన్ గుక్కెడు పోసింది, ఆయన తాగారు. మళ్లీ పోసింది, మళ్లీ తాగారు. జిల్లా అధికారిగారు తన చిన్ననాటి గుర్రం కథ మొదలుపెట్టారు. గుడారం సందులోంచి ఎర్రటి ఎండ చాప మీద పడింది. రోజుకు ఒక్కసారి, ఆ వేళకే, లోయ గోడలు నిప్పుల్లా వెలుగుతాయి. అది పావుగంటే ఉంటుంది. ఉల్జాన్ ఆ ఎండను చూసింది, మంత్రిగారిని చూసింది. గుర్రానికి అప్పటికి రెండేళ్లే నిండాయి, కథ చాలా ఉంది. ఆమె పళ్లు బిగబట్టి గిన్నె నిండా, అంచుదాకా పోసి మంత్రిగారి ముందు పెట్టింది.

గుర్రం కథ అక్కడే ఆగిపోయింది. కాలిపా అవ్వ బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఎంత పని చేశావే!"

మంత్రిగారు గిన్నె వైపు చాలాసేపు చూశారు. "అర్థమైంది చెల్లెమ్మా" అన్నారు.

"అయ్యో, అలా కాదు యెరెకె! తమరు లేవాలని..."

"లేస్తున్నాంగా."

ఇద్దరు కలిసి లేపారు. బయటికొచ్చి కుడికి తిరిగితే లోయ, ఎడమకు తిరిగితే కార్లు. ఆయన ఎడమకు తిరిగారు. ఉల్జాన్ అడ్డంగా పరుగెత్తి చేతులు చాచి నిలబడింది.

"ఇటు, ఇటు! నలభై అడుగులు! ఒక్కసారి తల తిప్పి చూడండి చాలు!"

తల తిరగలేదు. ఆరు అంగీల కాలర్లున్నాయి. అంతలో గాలి వీచి, నెత్తిమీద టోపీ ఎగిరి అంచు అవతల పడింది.

"నా టోపీ?" అన్నారు మంత్రిగారు.

"గుంటలో పడింది యెరెకె, కొత్తది చేయిస్తాం" అన్నారు జిల్లా అధికారిగారు.

"గుంటా? అతిథులు తిరిగేచోట గుంటేమిటయ్యా?" అని మంత్రిగారు గంభీరంగా కారెక్కారు. వెంట వచ్చిన కార్యదర్శి ఏదో రాసుకున్నాడు. సంతకాల పుస్తకం ఖాళీగానే వెనక్కి వెళ్లింది.

ఉల్జాన్ అంచున కూర్చుని ఏడ్చింది. నేను ప్రభుత్వోద్యోగిని కనుక డ్యూటీ ముగిశాక ఏడ్చాను. ఆ రోజు నుంచి తల్లీకూతుళ్లు మాట్లాడుకోలేదు.

ఇరవై ఒకటో రోజున ఉత్తర్వు వచ్చింది. మంత్రిగారు స్వయంగా తిలకించిన ఆరు గుడారాలనూ ప్రకృతి సంపదగా గుర్తించి శాశ్వత రక్షణ కల్పించారు. వాటికి సమీపంలో ఒక ప్రమాదకరమైన గుంట ఉన్నట్టు తనిఖీలో తేలిందనీ, అందులో ఒక గౌరవ టోపీ నష్టపోయిందనీ, దాన్ని వెంటనే కంకరతో పూడ్చాలనీ రాశారు. కాంట్రాక్టు బావమరిదికే దక్కింది. కంకర ఎక్కడి నుంచి తేవాలన్నదీ ఉత్తర్వులోనే ఉంది: అతి దగ్గరి చోటు నుంచి, అంటే ఆ గుంటలోంచే.

పూడ్చవలసిన గుంటలోంచే పూడ్చే కంకర తీయడం వల్ల రవాణా ఖర్చు పూర్తిగా కలిసొస్తుందని పత్రికలు మెచ్చుకున్నాయి.

ఇంజనీరు వచ్చి అంచున కొలత వేసి సున్నంతో గీత గీస్తేనే మిషన్లు లోపలికి రావచ్చు. ఆ ఇంజనీరు తలాప్ ఒస్పానోవ్. కుర్రతనం పోని, పద్ధతైన మనిషి. ఉత్తర్వు వచ్చిన మర్నాడు పొద్దున్నే టేపు పట్టుకుని వచ్చాడు. నేనే దగ్గరుండి తీసుకెళ్లాను. గుడారం గుమ్మంలో కాలిపా అవ్వ పళ్లెంతో నిలబడి ఉంది.

"రొట్టె కొరక్కుండా ఎటు పోతావు నాయనా?"

"పనుంది అవ్వా" అన్నాడు. కానీ చెప్పులు విప్పాడు. మా వాడే కదా.

లోపల ఉల్జాన్ టీ కుండ ముందు కూర్చుని ఉంది. తల్లి ఆమె వైపు చూసింది. ఇరవై ఒక్క రోజుల తర్వాత అదే మొదటి చూపు. ఉల్జాన్ గిన్నె అందుకుని, అడుగున కాస్త, గుక్కెడంటే గుక్కెడే పోసి ఇచ్చింది. అతను తాగాడు. మళ్లీ పోసింది.

"గుంట చూసొస్తానక్కా."

"చూద్దువుగాని తమ్ముడూ. టీ తాగు. గుంట ఎక్కడికీ పోదు."

ఇది జరిగి నేటికి పదకొండు రోజులు. కంకర మిషన్ల మీద పూలదండలు ఎండి రాలిపోయాయి. నిన్న జిల్లా అధికారిగారు నాకు ఫోన్ చేశారు.

"ఇంజనీరు ఏం చేస్తున్నాడయ్యా?"

"టీ తాగుతున్నాడు దోసెకె."

"ఇంకానా?"

"గిన్నె ఇంకా నిండలేదు."

"మరి లెమ్మనలేం కదా" అని నిట్టూర్చి, ఇక లాభం లేదు, రేపు తనే స్వయంగా వచ్చి చూస్తానని ఫోన్ పెట్టేశారు.

ఆ మాట చెప్పడానికి గుడారానికి వెళ్లాను. కాలిపా అవ్వ ఇంకో గిన్నె కడుగుతోంది.