క్రమశిక్షణ గల పురుగులు

డ్రాయింగు మాస్టారు ఆ ఉదయం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అప్పుడే గెలిచేసినవాడిలా పెరట్లోకి వచ్చాడు. నాలుగేళ్లుగా చుక్క పురుగుమందు కొట్టకుండా పెంచిన క్యాబేజీ తోట అది. ఇవాళ తనిఖీ అధికారి వచ్చి సేంద్రియమేనని రాసిస్తే, ఆస్పత్రి క్యాంటీను రోజూ ఆయన కూరగాయలే కొంటుంది. లేకపోతే పంటంతా ఇంటిల్లిపాదీ తినాల్సిందే.

"ఈ చిల్లులే నాకు సాక్ష్యం. మందు కొట్టిన ఆకుని ఏ పురుగు ముడుతుంది?" అని మొక్కలకే చెప్పుకుని, అధికారిని తీసుకురావడానికి బస్టాపుకి వెళ్లాడు.

ఆ ముక్క భార్యకు చెప్పి ఉంటే బాగుండేది. ఆవిడ శుభ్రానికి పెట్టింది పేరు. ఇంటికి పెద్దమనిషి వస్తుంటే చిల్లుల ఆకులా? అన్నీ తుంచి కంపోస్టు గుంటలో పారేసి, మిగిలినవాటిని తడిగుడ్డతో తుడిచింది. తోట తళతళలాడింది.

ఆవిడ తమ్ముడు ఆఫీసుకు బయలుదేరుతూ అది చూసి తల పట్టుకున్నాడు.

"కొంప ముంచావక్కా! ఆ చిల్లులు చూపించే కదా బావ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి!"

"మరిప్పుడెలారా?"

"నేనున్నాగా!" అంటూ బ్యాగులోంచి, ఫైళ్లలో పెట్టే కాగితాలకు చిల్లులు వేసే పంచింగ్ మిషన్ తీశాడు.

మాస్టారు దారంతా చిల్లుల గురించే గొప్పలు చెబుతూ వచ్చాడు. అధికారి వంగి, ఒక ఆకు పట్టుకుని, స్కేలు పెట్టి కొలిచాడు.

"మాస్టారూ, మీ పురుగులకి క్రమశిక్షణ ఎక్కువండీ. రెండేసి చిల్లులు, గుండ్రంగా, ఒకే దూరంలో! ఏ బళ్లో చదివాయి?"

మాస్టారు ఇంట్లోవాళ్ల వైపు తిరిగాడు. బావమరిది ఆకాశంలోకి చూస్తున్నాడు. ఎవరి పనో అర్థమైంది గాని, అప్పటికే అధికారి ఫైలు మూసేశాడు. నాలుగేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరైందని మాస్టారికి ఏడుపొక్కటే తక్కువ.

"ఎండన పడి వచ్చారు, కాస్త ఎంగిలిపడి వెళ్లండి" అంటూ భార్య గబగబా ఒక క్యాబేజీ కోసి, పచ్చిదే తరిగి పళ్లెంలో పెట్టింది.

"ఇంత తియ్యటి క్యాబేజీ తిని ఎన్నేళ్లయిందో!" అన్నాడు అధికారి. మూడో ముద్దకు చెయ్యి చాపేసరికి, పళ్లెం అంచు మీదికి ఆకుపచ్చటి పురుగొకటి తీరిగ్గా పాకి వచ్చింది.

"అయ్యో, నా ఖర్మ! మా ఇంట్లో ఎప్పుడూ ఇలా జరగలేదండీ, ఒట్టు!"

"ఊరుకోండమ్మా! మందు కొట్టుంటే ఇది ఇంత కులాసాగా నడిచేదా? మరి ఆ చిల్లులెవరివి?"

బావమరిది చెయ్యెత్తి జరిగిందంతా ఒప్పేసుకున్నాడు. అధికారి కంపోస్టు గుంటలోని ఆకులు కూడా తిరగేసి చూసి, నవ్వాపుకుంటూ సంతకం పెట్టాడు.

క్యాంటీను కుదిరింది. సర్టిఫికెట్‌ను గోడకు తగిలించడానికి మాత్రం భార్య ఈనాటికీ ఒప్పుకోలేదు. అందులో ఆధారం అన్నచోట, "ఈ ఇంటి ఇల్లాలు స్వయంగా వడ్డించిన పురుగు" అని రాసి ఉంది.