తొంభై గ్రాముల పొయ్యి

మగవాడికి వివేకం ఎప్పుడొస్తుంది? పెళ్లయినప్పుడు రాదు, పిల్లలు పుట్టినప్పుడూ రాదు. ట్రెక్కింగ్‌కి బుల్లి స్టవ్వు కొనాల్సి వచ్చినప్పుడు వస్తుంది!

నవ్వకండి. బొగ్గూ ఉక్కూ టన్నుల్లో లెక్కపెట్టే మన విశాఖలో గ్రాముల్లో ఆలోచించేవాడు ఒక్కడైనా ఉండొద్దా? ఆ ఒక్కణ్ణి నేనే.

కిందటేడు మా ఆవిడ సూర్యకళకి నడుం పట్టేసింది. ఇంక బరువులెత్తితే మంచం పట్టాల్సిందేనని డాక్టరు గట్టిగా చెప్పాడు. నా గుండె గుభేలుమంది. రేపు నా నడుమూ ఇలాగే అయితే ఈ ఇల్లేం కాను? ఆ క్షణమే ఇంట్లో బరువులు తగ్గించాలని తీర్మానించి, నా ట్రెక్కింగ్ బ్యాగుతో మొదలుపెట్టాను.

స్టవ్వు ఎంచుకోవడం ఆషామాషీ వ్యవహారమా? కిరోసిన్ పంపు స్టవ్వు కిలో పైమాటే. అనంతగిరి మీద టిఫిన్ సెంటరు పెడతామా? స్పిరిట్ స్టవ్వు తేలికే గాని, కాస్త గాలి వీస్తే మనకంటే ముందే కొండెక్కేస్తుంది. మూడు నెలలు ఇంటర్నెట్ సెంటర్లో కూచుని టైటానియం గ్యాస్ స్టవ్వొకటి కనిపెట్టాను. ఓడ మీద పనిచేసే స్నేహితుడి చేత సింగపూర్ నుంచి తెప్పించాను.

పెట్టె మీద తొంభై గ్రాములని ఉంది. పెట్టె మీద రాసిందల్లా నమ్మితే ఎలా? పూర్ణా మార్కెట్‌లో బంగారం పనిచేసే నీలకంఠం దగ్గరికి తీసుకెళ్లి తూయించాను.

"ఏటి బాబూ, తాకట్టెట్టీస్తారేటి?" అన్నాడతను, అటూ ఇటూ తిప్పి చూసి.

తొంభై రెండున్నర! ఆ రెండున్నర గ్రాములు రాత్రంతా నా మీద కూచున్నాయి. మర్నాడు టూత్‌బ్రష్ కాడ సగానికి కోశాను. చొక్కాల లేబుళ్లు పీకేశాను.

నేను ఆ కోతపనిలో ఉండగా మెట్ల మీద టంగు టంగుమని చప్పుడైంది. పెందుర్తిలో మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. గ్యాస్ బండ తెచ్చే పైడయ్య మెట్లెక్కడు. గుమ్మం దాటి చూస్తే, నిండు బండని మెట్టు మెట్టుకీ ఈడ్చుకుంటూ సూర్యకళ పైకొస్తోంది. ఎదురొచ్చేవాళ్లకి తప్పుకోవడం ట్రెక్కర్ల మర్యాద కదా! పక్కకి జరిగి దారిచ్చాను.

లోపలికొచ్చి గోడకి చేరబడి, నడుం పట్టుకుని, పళ్లు బిగించింది. బ్యాగులో ప్రతి వస్తువు బరువూ నాకు కంఠతా వచ్చు. పన్నెండేళ్లుగా మా అన్నం ఉడికిస్తున్న బండ ఎంత బరువో మాత్రం తెలీదు. సిగ్గేసింది. ఎంతుంటుందని అడిగాను.

సూర్యకళ నా మేనత్త కూతురే, అందుకని మొహమాటం తక్కువ.

"అడిగితే ఏటి తెలుస్తాది బావా? కాలీది ఇచ్చీమని పైడయ్య కింద ఎదురు సూత్తన్నాడు. ఎత్తి సూడు," అంది.

ఎత్తుకున్నాను. రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకున్నాను పాఠకులారా. బండ ఖాళీదే. దిగింది కిందికే.