సుబ్బరత్నం వెదురు తట్ట

గురువారం పొద్దున్నే సాంబమూర్తి భార్యకు మాటిచ్చాడు, ఆ రోజంతా బట్టల ఊసెత్తనని. బెజవాడలో ఆయనకు చీరల కొట్టుంది. అన్నం దగ్గర నూలు ధర, నిద్రలో సర్కారు కంట్రోలు ధర తప్ప ఆయన నోట మరో ముక్క రాదు. విని విని సుబ్బరత్నానికి విసుగెత్తింది.

"ఇవాళ కొట్టుకు సెలవేగా. కృష్ణ దాటి తోటలూ పొలాలూ చూసొద్దాం. దారిలో చీరన్నా, నూలన్నా, కొట్టన్నా అట్నుంచటే చీరాల బండెక్కి మా అన్నయ్యింటికి పోతా," అంది.

ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. ఒకసారి చేసింది కూడా. ఆ నెల్లాళ్లూ తన వంట తానే తిన్న సాంబమూర్తికి ఆ రుచి ఇంకా నాలుక మీదే ఉంది.

రైల్లో కృష్ణ దాటి, స్టేషన్ దగ్గర హనుమయ్య అనే అతని జట్కా మాట్లాడుకున్నారు. పసుపు చేలో రైతు కొమ్ములిచ్చాడు. ఆకుతోటలో తమలపాకులు, అరటితోటలో పళ్లు, ఇంకోచోట కొబ్బరికాయలు, చేమంతులు కొన్నారు. అన్నీ ఒళ్లోంచి దొర్లిపోతుంటే సుబ్బరత్నం మేదరవాళ్ల పాక దగ్గర బండాపించి, కొత్త వెదురు తట్ట కొని, అందులో ముచ్చటగా సర్దుకుంది. సాంబమూర్తి కనిపించిన ప్రతి రైతుతోనూ వానల గురించే మాట్లాడాడు. నాలుక దురద పెడుతున్నా ఓర్చుకున్నాడు.

హనుమయ్య గుర్రానికి సరిగ్గా మంగళగిరిలోనే దాహమేసింది. నేతగాళ్ల వీధిలో, గుమ్మానికి మామిడాకులు కట్టిన పెంకుటింటి ముందు బండి ఆగింది. నీడకోసం దిగారో లేదో, ఇంటాయన పాండురంగయ్య, ఆయన భార్య చౌడేశ్వరమ్మ నీళ్లచెంబుతో పరుగున ఎదురొచ్చారు.

"రండి బావగారూ, రండి! మధ్యాహ్నం బండికి వస్తారనుకున్నాం. కాళ్లు కడుక్కోండి!"

మనవాళ్లే కాబోలు, అప్పుడే వరసలు కలిపేస్తున్నారు అనుకున్నాడు సాంబమూర్తి. లోపల పులిహోర, బూరెలు కూడా సిద్ధంగా ఉన్నాయి.

"వ్యాపారం ఎట్లా ఉందండీ?" అడిగాడు పాండురంగయ్య.

సాంబమూర్తి నోరు తెరిచాడు. సుబ్బరత్నం ఆయన వంక చూసింది. మూసేశాడు.

"చెప్పార్లెండి, మీరు మాట తక్కువ మనిషని," అన్నాడు పాండురంగయ్య.

పుట్టి బుద్ధెరిగాక సాంబమూర్తిని ఎవరూ ఆ మాట అనలేదు. ఆయన తెల్లబోయి బూరె కొరికాడు.

మూలనున్న మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. ఆయన చెయ్యి దానంతటదే వెళ్లి అంచు తడిమింది.

"మా బాలత్రిపురసుందరి నేసిందేనండీ," అన్నాడు పాండురంగయ్య గర్వంగా.

చీరని మెచ్చుకుంటే చీరాల. మెచ్చుకోకపోతే ప్రాణం ఒప్పుకోదు. "బంగారం లాంటి పిల్లండీ!" అనేశాడు సాంబమూర్తి.

"ఏమేవ్! పిల్ల నచ్చిందట!" అని లోపలికి కేకేశాడు పాండురంగయ్య.

తలవంచుకుని పిల్ల వచ్చి పీట మీద కూర్చుంది. ఇవి పెళ్లిచూపులని సుబ్బరత్నానికి అప్పుడర్థమైంది. మొగుణ్ణి గిల్లింది. మగ్గం ముట్టుకున్నందుకు గిల్లిందనుకుని ఆయన మరింత బిగుసుకుపోయాడు.

"పసుపూ, ఆకులూ, పళ్లూ, అన్నీ తెచ్చుకునే వచ్చారు! ఇంత ముచ్చటపడితే ఇంకా ఆలస్యమెందుకు?" అంటూ పాండురంగయ్య తట్ట అందుకుని, కొత్త చీరపెట్టిన పళ్లెం సుబ్బరత్నం చేతిలో పెట్టాడు. "అబ్బాయిని ఎప్పుడు తీసుకొస్తారు?"

"ఏ అబ్బాయండీ?" అన్నాడు సాంబమూర్తి. ఆయనకు ఉన్నది ఇద్దరు కూతుళ్లు, ఇద్దరూ అత్తారిళ్లలో ఉన్నారు.

అంతలో ఇంకో జట్కా ఆగింది. రేపల్లె నుంచి అసలు పెళ్లికొడుకు తల్లిదండ్రులు దిగారు. ఆ తండ్రి నిజంగానే మాట తక్కువ మనిషి. గుమ్మంలో నిలబడి, చేతులు మారిన తాంబూలాలు చూసి, ఒక్క మాటా అనకుండా వెనుదిరిగాడు. చౌడేశ్వరమ్మ గుండెలు బాదుకుంది. పిల్ల మొదటిసారి తలెత్తింది. కళ్లనిండా నీళ్లు.

"మరి మీరెవరండీ?" అన్నాడు పాండురంగయ్య.

దానికి సాంబమూర్తి దగ్గరున్నది ఒకే జవాబు, చీరల కొట్టువాణ్ణని. పిల్ల ఏడుస్తుంటే చూడలేకపోయాడు. చీరాల పోతే పోయిందని "నేనూ..." అన్నాడు.

"ఆగండి అన్నయ్యగారూ!" అని సుబ్బరత్నం రేపల్లె ఆయనకు అడ్డం వెళ్లింది. "మేం అమ్మాయి తరఫు వాళ్లం. తట్ట మీకోసం తెచ్చిందే!" అని దాన్ని లాక్కొచ్చి ఆయన భార్య చేతుల్లో పెట్టింది. "మా ఆయనకి బెజవాడలో పెద్ద చీరల కొట్టు. పెళ్లిచీరలన్నీ మా దగ్గరే తీసుకోండి, కొన్న ధరకే ఇస్తాం!"

రేపల్లె ఆయన ఆలోచించాడు. "సరే," అన్నాడు. లోపలికొచ్చి కూర్చున్నాడు.

పాండురంగయ్య చీరని వెనక్కి తీసుకోనన్నాడు. సాయంత్రం రైల్లో సుబ్బరత్నం దాన్ని ఒళ్లో పరుచుకుంది.

"ఏవండీ, ఇది మన కొట్లో ఎంత పలుకుతుంది?"

"ముందు చీరాల బండి ఎన్నింటికో కనుక్కో," అన్నాడు సాంబమూర్తి.

వంతెన దాటేదాకా ఆయన మళ్లీ నోరు విప్పలేదు గానీ, చెయ్యి మాత్రం ఆ చీర అంచు మీదే ఉంది.