రెండిళ్లు దూకిన బంటు

తెల్లారగానే సిద్దిరాములు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎల్లారెడ్డిలో బస్సెక్కాలి, కామారెడ్డిలో ఒక చదరంగం పుస్తకం కొనాలి, భార్య దుర్గవ్వ చెప్పిన కిరసనాయిలు పట్టుకొని పొద్దుగూకక ముందే ఇల్లు చేరాలి. యుద్ధం రోజులు, ఎల్లారెడ్డిలో చుక్క నూనె దొరకడం లేదు. కాని మనిషి కోపం మీదున్నాడు. కచేరీలో నకళ్లు రాసే గుమాస్తాకు ఆ కాలంలో సెలవు దొరికేదే శుక్రవారం. వరసగా పది శుక్రవారాలు బామ్మర్ది బాలనర్సయ్య అరుగు మీద చదరంగంలో అతని చేతిలో ఓడాడు.

"బావా, నీకు మొదటి ఎత్తులే రావు" అన్నాడు బామ్మర్ది, పదిమందిలో.

"నెలకు మళ్ల ఆడుదాం. ఓడినోడు మీసం తీయించుకోవాలె!" అని రేగాడు సిద్దిరాములు.

"సై!"

పందెమైతే కట్టాడు. ఆ మీసం లేకపోతే కచేరీలో బంట్రోతు కూడా లెక్కచేయడు.

కామారెడ్డి దుకాణదారు ఉర్దూ పుస్తకాలు మూడు ముందు పెట్టాడు. ఒకటి ఒకే ఒక్క ఎత్తుగడ గురించి, ఇంకొకటి ఆట చివరి గురించి. మూడోది లావుపాటిది, అందులో అన్ని ఎత్తుగడలూ కొంచెం కొంచెం ఉన్నాయి.

"ఒక్కటే నేర్చుకపోతె, వాడు ఇంకోతీరు ఆడితె నేనేం కావాలె?" అని కసిరాడు సిద్దిరాములు.

"గట్లయితె లావుది తీస్కపోండ్రి. గీ నెలల గిది రెండోది పోతున్నది."

ఇంటికొచ్చేసరికి దుర్గవ్వ గడపలోనే ఉంది. "కిరసనాయిలేది?"

"మర్చిన."

"మర్చినవా? అయితె నీ కితాబే అంటువెడ్త!"

మొదటి ఎత్తులో బంటు ఒకేసారి రెండు గడులు, అంటే రెండిళ్లు నడవవచ్చని పుస్తకంలో ఉంది. అది తెల్లదొరల ఆట పద్ధతి. ఎల్లారెడ్డిలో ఏ బంటూ ఒకసారికి ఒక ఇల్లు దాటిన పాపాన పోలేదు. సిద్దిరాములుకు ఆ సందేహమే రాలేదు. "గిదా కిటుకు! అచ్చేసినోడు అబద్ధం రాస్తడా?" అనుకొని నెలరోజులు బట్టీపట్టాడు.

పందెం శుక్రవారం వచ్చింది. ఊళ్లో తగవులు తెంపే ముసలి గంగారాం బాలనర్సయ్య అరుగు మీద ఇద్దరి మధ్యన కూర్చున్నాడు. సిద్దిరాములు రాజు ముందున్న బంటును రెండిళ్లు దూకించాడు. జనం నోరు తెరిచేలోగా, బాలనర్సయ్య కూడా చెయ్యి అలవాటుకొద్దీ తన బంటును రెండిళ్లు దూకించాడు.

"ఆగుండ్రి!" గంగారాం కర్రతో నేల మీద కొట్టాడు. "బంటు దుంకుతదా? గదేమన్న గుర్రమా? ఇద్దరికిద్దరు తొండి!"

"కితాబుల ఉన్నది! దుర్గా, కితాబు తే!"

జనంలో ఉన్న దుర్గవ్వ ఇంటికెళ్లి తెచ్చింది. మొదటి పది పేజీలు లేవు.

"పొద్దుగాల పొయ్యి అంటుకోలే. కిరసనాయిలు లేకపాయె" అంది, ఏమాత్రం జంకకుండా.

"నా కొంప ముంచినవు గదనే!" సిద్దిరాములు పళ్లు కొరికాడు.

బాలనర్సయ్యకూ మీసమంటే ప్రాణమే. "లొల్లి వెట్టకు బావా, గా పేజి నా కాడున్నది" అంటూ లోపలికి ఉరికి, పరుపు కింది నుంచి అదే లావుపాటి పుస్తకం తెచ్చాడు. తెచ్చాక గానీ తానేం చేశాడో అతనికి తెలియలేదు.

"ఓరి దొంగా! పదిసార్లు గెలిచినోనికి కితాబెందుకురా?"

"పదకొండోసారికి భయమైంది బావా!"

గంగారాం లేచాడు. "ఊరి ఆట ఇడిసి కితాబు ఆట ఆడిండ్రు. ఇద్దరు ఓడిండ్రు. మంగలిని పిలువుండ్రి."

ఆ ఆటలో ఒక్క పావూ చావలేదు. పోయినవి రెండు మీసాలే.