మంగవ్వకు ఏమీ తెలియని రోజు

ఆ పొద్దు పసుపు ఉడకబెట్టేయాలని మంగవ్వ అనుకుంది. కొమ్ములు నింపిన కడాయి కింద మంట ఎగదోస్తుండగా ఫోన్ మోగింది.

"అవ్వా, నేను వాణిని. యూనివర్సిటీ నుంచి వస్తున్న. మీ ఇల్లు, మీ పని చూసి రాసుకోవాలె."

మంగవ్వ చేతిలోని కట్టె పొయ్యి పక్కన పడేసింది. చూసి రాసుకునేవాళ్లు వచ్చిపోయాక పింఛన్ జాబితాలో పేర్లు తగ్గుతాయని ఆ వాడలో అందరి నమ్మకం. బీడీలు చుట్టినందుకు తనకొచ్చే పింఛన్ పోతే మొగుడు ముత్తెన్నకు బీపీ గోలీలు ఎలా?

"ఓ నర్సవ్వా, సర్వే అంటనే!" అని గోడ మీదుగా పక్కింటికి ఒక్క కేక వేసింది.

ఆ కేక చాలింది. మంగవ్వ ఫ్రిజ్ నర్సవ్వ ఇంటికి చేరింది. నర్సవ్వ టీవీ మంగవ్వ ఇంటికొచ్చింది. బండి దాచడానికి తోసుకొస్తున్న దేవయ్య, వాషింగ్ మెషిన్ మోసుకొస్తున్న చిన్నన్నను గుద్దాడు. అరగంటలో ఎవరి సామాను ఎవరింట్లో ఉందో ఎవరికీ తెలియలేదు. ఏ ఇంట్లోనూ సామాను మాత్రం తగ్గలేదు.

"నువ్వు కడాయి కాడ కూసో. ఎవలేమన్నా చెవులు వినవడనట్టు ఉండు," అంది మంగవ్వ, ముత్తెన్నతో.

వాణి వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయి. ఎండకు మొహం కందిపోయింది. మంగవ్వ మంచినీళ్లిచ్చింది.

"పసుపు ఉడకవెడుతున్నరా అవ్వా? వాసనొస్తుంది."

"ఏడిది బిడ్డా! మా ఆర్మూర్ల గాలే పసుపు వాసనొస్తది."

"మరి ఎనుక గా పొగ?"

"మా ఆయన తానానికి నీళ్లు."

"గంత పెద్ద కడాయిలనా?"

"మనిషి జర పొడుగు."

"పసుపు ఉడికింది లేంది మీరు వాసన చూసి చెప్తరంట గద?"

"నాకేం తెల్వది బిడ్డా."

వాణి పుస్తకం మూసేసింది. "గీ పని క్లాసుల కూసుంటే రాదు, మంగవ్వ దగ్గరనే నేర్చుకుంట అని మా సార్లతోని కొట్లాడిన. వేరేవాళ్ల పేరు జెప్పాల్సింది కావచ్చు," అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

మంగవ్వకు ప్రాణం చివుక్కుమంది. అయినా పింఛన్ గుర్తొచ్చి, ఇంకో గ్లాసు మంచినీళ్లు మాత్రం ఇచ్చింది. అంతలో గాలి తిరిగింది. పచ్చివాసన పోయి, కమ్మటి వాసన మొదలైంది. ఇంకాస్త ఆగితే కొమ్ములు మెత్తబడి రంగు పోతుంది.

"మంట గుంజు!" అని అరిచింది.

"నాకు వినవడదు!" అని పెరట్లోంచి గట్టిగా జవాబిచ్చాడు ముత్తెన్న.

మంగవ్వ పరుగెత్తింది. వెనకే వాణి. ఇద్దరూ కట్టెలు లాగేశారు. మంగవ్వ గరిటెతో ఒక కొమ్ము తీసి, వాణి చేతికి పుల్లనిచ్చింది.

"గుచ్చు. సురుక్కున దిగిందా?"

"దిగింది అవ్వా!"

"గదీ! గీ వాసన యాది పెట్టుకో. గింతకు మించి ఒక్క నిమిషం ఉంచొద్దు."

అంతా తోడి ఆరబోశాక గానీ మంగవ్వకు పింఛన్ సంగతి గుర్తు రాలేదు. అక్కడే కూలబడింది.

"రాసుకో బిడ్డా. పసుపున్నది, కడాయున్నది. ఫ్రిజ్ గూడ ఉన్నది, నర్సవ్వ ఇంట్ల. ఇగ పింఛన్ తీసేస్తరా?"

వాణి తెల్లబోయి, పక్కనే కూర్చుంది. "నేను సర్కారు మనిషిని కాదవ్వా, సదువుకునే పిల్లను. నేను రాయాల్సింది గిదొక్కటే," అంటూ పుస్తకం తెరిచి రాసి, చదివి వినిపించింది: "నేర్పిన గురువు: మంగవ్వ."

మంగవ్వ ఆ అక్షరాలను మెల్లగా తడిమింది. కాగితం మీద పసుపు వేలిముద్ర పడింది. "అయ్యో, ఖరాబు జేస్తి," అంది.

"ఉండనీ అవ్వా. మా సార్లకు గదే జూపిస్త."

మర్నాడు మిగతా పని నేర్చుకోవడానికి వాణి వచ్చేసరికి, నిన్నటిదాకా ఎవరికీ ఏమీ తెలియని ఆ వాడలో పదకొండు మంది గురువులు వరుసలో నిలబడి ఉన్నారు.