మా గౌరి బిడ్డకు విషం లేని గది

బిడ్డ పుట్టగానే తల్లిపాలకన్నా ముందు కావలసింది విషం లేని గది! నమ్మరా? నేనూ నమ్మలేదు. మా అల్లుడు సురేష్ బెంగళూరు నుంచి పదిహేడు పేజీల ప్రింటవుట్ తెచ్చి నా కళ్ళు తెరిపించాడు.

అది రెండువేల ఏడో సంవత్సరం. మా గౌరి కాన్పుకని ఏడో నెలలో ధర్మవరం మా ఇంటికి వచ్చింది. వెనకే ఆ కాగితాలూ వచ్చాయి. గోడల పెయింటు విషం. ప్లాస్టిక్ బొమ్మ విషం. దోమల కాయిల్ విషం. మనమంతా ఇన్నేళ్ళు ఎలా బతికామో మాత్రం ఆ పదిహేడు పేజీల్లో ఎక్కడా లేదు!

ముందు గోడలు. సున్నం మోటుగా ఉందని పదేళ్ళ కిందట ముచ్చటపడి నిగనిగలాడే పెయింటు వేయించాను. ఇప్పుడు దాన్ని గీకించి మళ్ళీ సున్నమే కొట్టించాం. కాకపోతే ఇప్పుడు దాని పేరు నేచురల్ లైమ్ ఫినిష్. కొట్టడానికి మనుషులు బెంగళూరు నుంచి వచ్చారు. చదువుకున్న సున్నం మరి!

తర్వాత ఉయ్యాల. మా అమ్మ బాలనాగమ్మ తన పాత నూలుచీర ఉతికి తెచ్చింది. సురేష్ దాన్ని వాసన చూశాడు.

"దీని డై ఏందో తెలీదవ్వా. రిస్కు."

"ఏమప్పా, మీ మామను ఇట్లాంటి చీరలోనే కదా ఊపింది! వానికేమయింది?"

అల్లుడు నన్ను కాసేపు పరీక్షగా చూశాడు. చీర మడిచి పక్కన పెట్టేశాడు.

రంగు పూయని చెక్క ఉయ్యాల లారీలో దిగింది. ప్రకృతికి మేలు చేసే వస్తువు కదా, గీత పడకూడదని నాలుగు చుట్ల ప్లాస్టిక్కు, రెండు మూటల థర్మకోల్ పెట్టి పంపారు. ఆ చెత్తంతా వీధి చివర కాల్చేశాం. పొగ మా వైపు రాకుండా గాలి చూసుకునే కాల్చాం లెండి!

అంతా అయ్యాక సురేష్ కిటికీ తెరిచి ముక్కు మూసుకున్నాడు. "మామా, ఈ వాసనేంది?"

ఇంటి వెనక ఖాళీ స్థలం నాదే. అందులో ఖాదర్‌వలి షెడ్డు వేసుకుని, చీరలు నేసేవాళ్ళకు పట్టుదారాలకు రంగులద్ది ఇచ్చేవాడు. పన్నెండేళ్ళుగా ఆ వాసనలోనే అన్నం తిన్నాం. విషమని ఎవరూ చెప్పలేదు కాబట్టి హాయిగా అరిగింది.

నేనే వెళ్ళి అడిగాను. "ఏమబ్బా ఖాదర్‌వలీ, ఇంట్లోకి పసిబిడ్డ వస్తాంది. షెడ్డు వేరే చోటికి మార్చుకో."

కాగుతున్న గంగాళంలో దారం తిప్పుతున్నవాడు చేతిలోని కర్ర పక్కన పెట్టాడు. "యాడికి పోయేదన్నా? సరేలే. పసిబిడ్డ మాట చెప్తాండావు. మా ఇంట్లోనే పెట్టుకుంటా."

ఎంత మంచివాడు! వారంలో షెడ్డు లేచిపోయింది. మా ఇంట్లోకి మంచి గాలి వచ్చింది. మనవరాలూ వచ్చింది. ఇంత శుభ్రమైన గది ధర్మవరంలోనే లేదని సురేష్ ఫొటోలు తీసి ఆఫీసంతటికీ పంపాడు.

బిడ్డకు మూడో నెల వచ్చాక ఖాదర్‌వలి భార్య మెహరున్నీసా చూడటానికి వచ్చింది. చంకలో ఆరు నెలల కూతురు. షెడ్డు తీయించిన రోజున ఆ ఇంట్లోనూ ఒక పసికందు ఉందని నాకు తెలుసు. ప్రింటవుట్‌లో ఆ పిల్ల ప్రస్తావన లేదు.

గడపలోనే సురేష్ హెర్బల్ సబ్బు ఇచ్చాడు. ఆమె మూడుసార్లు చేతులు కడుక్కుంది. మణికట్టు దాకా ఎక్కిన ఎరుపు వదల్లేదు. సరే, దూరం నుంచే బిడ్డను చూసి మురిసిపోయింది.

"ఎంత బాగుండాదన్నా గది! గంగాళాలు ఇంట్లోకి వచ్చినప్పట్నుంచి మా పిల్లకు ఒకటే దగ్గు. మంచి గాలిలో పండుకోబెట్టమంటాడు డాక్టరు. ఇట్లాంటి గది కావాలంటే మొదట ఏం చేయాలన్నా?"

మొదట ఏం చేయాలో నాకు తెలియకేం? చేసినవాణ్ణి నేనే కదా! మన ఇంటి విషాన్ని తీసుకెళ్ళి ఇంకో బిడ్డ ఉన్న ఇంట్లో పెట్టించాలి.

"పగలు కాసేపు బయట పండుకోబెట్టమ్మా," అన్నాను.

"బయట యాడన్నా?" అంది మెహరున్నీసా, పిల్ల వీపు నిమురుతూ. "రంగునీళ్ళు పారేది ఆడే కదా."