జ్ఞానపేటిక తలుపులు తెరిచిన వైనం

మా నీటి సరఫరా కార్యాలయపు ఇంజినీరుగారికి ఈ ఏడాది ఉత్తమ విజ్ఞాన నిర్వాహకుడి బిరుదు లభించిందని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. ఊళ్ళో ఏ గొట్టం ఎటు పోతుందో, ఏ వాల్వు ఏ సందులో పూడుకుపోయిందో పదేళ్ళుగా ఆయన జ్ఞానపేటిక అనే ఫోన్ యాప్‌లో రాసుకున్నారు. రాసుకున్నవాడికి మరిచిపోయే హక్కు ఉంటుంది. ఆ హక్కును ఆయన చిత్తశుద్ధితో వినియోగించుకున్నారు.

మొదట్లో ఆ యాప్ ఉత్త అమాయకురాలు. వాల్వు అని వెతికితే వాల్వే చూపించేది. ఈ వెనకబాటుతనం భరించలేక కంపెనీవారు తలుపులు బార్లా తెరిచారు. ఇకపై లోకంలోని ఏ యాప్ అయినా వచ్చి ఇందులో కలవవచ్చునన్నారు. అడిగిన ప్రతిదానికీ మా ఇంజినీరుగారు 'అంగీకరిస్తున్నాను' నొక్కారు. వాతావరణం వచ్చింది, అడుగులు లెక్కపెట్టేది వచ్చింది, పాటలు వచ్చాయి, బావమరిది పంపే శుభోదయాలు కూడా వచ్చి చేరాయి. ప్రతి వాల్వుకీ, దాన్ని చూసిన రోజున ఆయన రక్తపోటు ఎంతో, ఏ పాట విన్నారో జతపడ్డాయి. తెర నిండా చుక్కలూ గీతలూ. పై అధికారి చూసి, ఇందులో వాల్వు ఎక్కడని అడక్కుండా భేషన్నారు. పెద్దమనిషి.

ఇలా ఉండగా ఒక సోమవారం పొద్దున్న ఇంజినీరుగారి వీధిలోనే పెద్ద గొట్టం పగిలింది. వాళ్ళింటి కింది భాగంలో ఆయన భార్య కుట్టుపని చేస్తుంది. బడి పిల్లల యూనిఫారాలు ఎనభై, సాయంత్రానికి అందించాలి. అందిస్తే ఏడాది పొడుగునా ఆ బడి పని ఆవిడదే. నడుము విరిగేలా రెండు నెలలు కుట్టింది పాపం.

గడప దాటి నీళ్ళొచ్చాయి. ఇంజినీరుగారు కుర్చీ ఎక్కి యాప్‌ను సంప్రదించారు. అది మూడు అనుమతులు అడిగి, నిరుడు ఇదే రోజున ఆయన ఎన్ని అడుగులు నడిచారో చెప్పి, ఒక వాన పాట వినమని సూచించింది. ఆయన కంగారుపడలేదు. 'గొట్టం పగిలింది' అని కొత్తగా రాసి, ఫొటో జతచేశారు.

"ఏమండీ, రాస్తే ఆగుతాయా నీళ్ళు?" అని, చేతికందిన బట్టలు బల్లమీదికి విసిరి ఆవిడ పక్కవీధికి పరుగెత్తింది. మా కార్యాలయంలోనే పనిచేసి రిటైరైన ముసలి ఫిట్టరు పలుగు పట్టుకుని వచ్చాడు. వీధి మలుపులో మట్టి తీసి, మూత ఎత్తి, వాల్వును నాలుగు తిప్పులు తిప్పాడు. నీళ్ళు ఆగాయి. అప్పటికే ముప్ఫై జతలు బురదలో నానాయి. బడివాళ్ళు పని వేరేవాళ్ళకిచ్చారు. ఆవిడ మిషను ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

విచారణ సంఘం కూర్చుంది. విపత్తు వేళ సైతం నమోదు మానని ఇంజినీరుగారిని అభినందించింది. ప్రజల గొట్టాల సమాచారాన్ని, ఏ యాప్‌తోనూ అనుసంధానం లేని సొంత బుర్రలో ఉంచుకున్నందుకు ఫిట్టరును సంజాయిషీ కోరింది. ఇంజినీరుగారి సన్మాన సభలోనే ఫిట్టరును వేదిక ఎక్కించి అడిగారు.

"ఎవరడిగినా చెబుతాను బాబూ. మీరు అడగరు. రాసి దాచుకుంటారు, అంతే," అన్నాడాయన.

ఎంత గొప్ప మాట! అందరం చప్పట్లు కొట్టి, ఫోన్లు తీసి, ఆ మాట రాసుకున్నాం. ఊళ్ళో మిగతా రెండు వందల వాల్వులు ఎక్కడున్నాయని డెబ్భై ఆరేళ్ళ ఆ మనిషిని ఒక్కరమూ అడగలేదు. మీకూ ఆ మాట నచ్చే ఉంటుంది. దాచుకోండి.